మరియకు యాభై ఎనిమిది మార్కులు

మనిషి విలువ తేల్చే అధికారాన్ని మనిషికే వదిలేయడం అనాగరికం. ఆ పనికి ఫారం ఉంది. యాంగోన్ నగరంలో ఈ సత్యాన్ని మొట్టమొదట గ్రహించిన సంస్థ అహ్లోన్‌లోని మా తెలుగు సంఘం. సంఘంలో గ్రహించినవాణ్ణి నేను.

సంఘానికి కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు ఒకటుంది. గోల్ ముందు అడ్డుగోడలా నిలబడే స్టాపర్ స్థానం ఖాళీ అయింది. ఆశ, మరియ పోటీపడ్డారు. ఆదివారం సేక్కాన్ జట్టుతో ఆట. ఎంపిక నాకు అప్పగించారు. (జీవితంలో ఒక్కసారే బంతిని తన్నాను. బంతి కంటే నా చెప్పే దూరం వెళ్లింది. కాని కంప్యూటర్లో గళ్లు గీయడం వచ్చు.)

పద్నాలుగు గళ్ల ఫారం తయారుచేశాను. ఎత్తుకు ఇరవై మార్కులు, నడవడికకు ఇరవై, నిశ్శబ్దానికి పదిహేను. బంతిని ఆపడానికి ఐదు. అందులో అదృష్టం పాలు కూడా ఉంటుంది కనుక.

మూడు సాయంత్రాలు వానలో గొడుగు పట్టుకుని పరీక్షించాను. ఆశ పొడగరి, నెమ్మదస్తురాలు. తాకేటా నుంచి రెండు బస్సులు మారి వచ్చే మరియ పొట్టిది, నోరు మూయదు.

"ఆశా, ఎనక్కి రాయే! నీ ఎడమేపు కాళీగా ఉంది, సూడు!"

ఆశ జరిగేది. బంతి సరిగ్గా అక్కడికే వచ్చేది. మూడోసారి అలా జరిగినప్పుడు నా ఒళ్లు జలదరించింది. జలదరింపుకు గడి లేనందువల్ల నమోదు చేయలేదు. అరుపుకు ఉంది; పదిహేనూ కోసేశాను.

ఆశకు ఎనభై ఒకటి. మరియకు యాభై ఎనిమిది.

సంఘం అధ్యక్షులు ఊ వాసుదేవరావు గారు (ఇక్కడ ఊ అన్నా గారు అన్నా ఒకటే; మేం రెండూ వాడతాం) పప్పుల కొట్లో కూర్చుని ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదంతా సరే గానీ బాబూ, నీ కంటికి ఎవురు బాగా ఆడినారు?"

మరియ, అనబోయాను. "నా కంటిదేముందండీ, లెక్క తేలిపోయింది కదా" అన్నాను. ఆయన నిట్టూర్చి సంతకం పెట్టారు.

శనివారం ఆశ వచ్చింది.

"నాకొద్దు సయా, మరియనే పెట్టండి." (ఇక్కడ గురువులను సయా అంటారు, ఏమీ నేర్పకపోయినా.) "నేను పొడుగే గానీ, బంతి ఎటొస్తాదో అది సెప్తేనే నాకు తెలుస్తాది."

అభ్యర్థుల అభిప్రాయాలు స్వీకరించబడవని తెలియజేశాను.

ఆదివారం మొదటి సగంలో మా మీద నాలుగు గోల్స్ పడ్డాయి. ఆశ ప్రతిసారీ బంతి వెళ్లిపోయిన చోటికి చేరుకుంది. మరియ ఆటలో లేనివారి బల్ల మీద పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. బల్ల మీదివారు మాట్లాడరాదన్నది తొమ్మిదో నియమం, రాసింది నేనే.

విరామంలో ఆశ మరియ దగ్గరికొచ్చి, "నువ్వు అరవే, నేను సూసుకుంటాను" అంది. మరియ నా వైపు చూసింది. నేను ఫారం వైపు చూశాను.

రెండో సగమంతా మరియ గీత పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచింది. ఒక్క గోల్ కూడా పడలేదు. నా నివేదికలో రెండు వాక్యాలున్నాయి: రెండో సగంలో ఆశ ఆట మెరుగుపడింది. తొమ్మిదో నియమాన్ని ఉల్లంఘించిన మరియను రెండు వారాలు పక్కన పెట్టడమైనది.

బుధవారం మరియ జెర్సీ తిరిగివ్వడానికి వచ్చింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"సేక్కాన్ కోచ్ పిలిసింది సయా. అక్కడ ఆడతాను."

"ఫారం నింపమన్నారా?"

"నేదు. ఎప్పట్నించి వస్తావని అడిగింది. అంతే."

వెళ్లకమ్మా, అందరికంటే నువ్వే బాగా ఆడావు, తప్పు నాది అని చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"జెర్సీ ఉతికావా?" అన్నాను.

"ఉతికాను సయా."

ఆమె మెట్లు దిగి బస్సు స్టాపు వైపు వెళ్లేదాకా కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. మరుసటి వారం ఆశ కూడా రాలేదు.

ఎంపికలో నేను చూపిన నిష్పాక్షికతను సంఘం సర్వసభ్య సమావేశం చప్పట్లతో అభినందించింది. పై నెల నుంచి సంఘం నడిపే తెలుగు బడిలో పంతుళ్లను కూడా నేనే ఎంపిక చేస్తాను.