స్వచ్ఛంద రక్తదానం తప్పనిసరి

“నా పుట్టినరోజున ఈ ఊరి జనమంతా స్వచ్ఛందంగా రక్తదానం చేస్తారు. చెయ్యనివాళ్లెవరో సాయంత్రానికల్లా నాకు తెలియాలి” అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు.

ఒక్కరోజులో ఇంత రక్తం ఏ ఊరూ ఏ నాయకుడికీ ఇవ్వలేదని చరిత్రలో రాయించాలన్నది వారి ఆశయం. చరిత్ర రాసేవాళ్లతో పీఏ అప్పటికే మాట్లాడి ఉంచాడు. ఆ మహత్కార్యానికి కన్వీనర్‌గా బ్యానర్ల షాపు ఆయన్ని నియమించారు. ఏళ్ల తరబడి మంత్రిగారి మొహాన్ని ఒకచోట గోడంత, మరోచోట గుమ్మమంత ముద్రిస్తూ, ప్రతి ఎన్నికకీ కాసిని ముడతలు తీసేస్తూ వచ్చిన నమ్మకస్థుడాయన. నియామకం జరిగిన రోజునుంచి ఊరంతా ఆయన్ని కన్వీనర్ అనే పిలిచింది. భార్య కూడా కోపం వచ్చినప్పుడు అలాగే పిలిచేది.

కన్వీనర్‌కి ఒక్కటే లోపం. సూదంటే భయం. చిన్నప్పుడు బడికి టీకాలవాళ్లొస్తే గోడ దూకిన మనిషి. ఇప్పుడు గోడ దూకే వయసు పోయింది, భయం మాత్రం పోలేదు. అయినా కన్వీనర్ పని ఇప్పించడమే గాని ఇవ్వడం కాదు కదా అని గుండె నిబ్బరం చేసుకున్నాడు.

మొదటి అడ్డంకి పెద్దాసుపత్రి బ్లడ్ బ్యాంకు డాక్టరమ్మ రూపంలో వచ్చింది.

“ఒక్కరోజులో ఇంతమంది వద్దండి” అంది ఆవిడ, మంత్రిగారి ఎదుట నిలబడి. “రోజుకి కొంతమంది చొప్పున ఏడాది పొడుగునా వస్తే ఎవరికి ఎప్పుడు కావాలన్నా రక్తం సిద్ధంగా ఉంటుంది. ఒకసారి ఇచ్చినవాళ్లు మూడు నెలలదాకా మళ్లీ ఇవ్వకూడదు. తీసి దాచినా నెల పైన కొద్దిరోజులే. అందరూ ఒకేసారి ఇచ్చేస్తే, ఆ తర్వాత అవసరం పడినవాళ్లకి ఎవరున్నారు సార్?”

మంత్రిగారు కళ్లు మూసుకుని విన్నారు. వినడంలో వారి తర్వాతే ఎవరైనా.

“బాగా చెప్పావమ్మా. కాని నేను ఏడాది పొడుగునా పుట్టలేదు కదా.”

“పెట్టడానికి ఫ్రిజ్‌లు కూడా లేవండి.”

“ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ వాడు మనవాడే. గోదాము ఖాళీ చేయిస్తాను.”

“గడ్డకట్టిస్తే రక్తం పాడైపోతుంది సార్.”

“ఐస్‌క్రీమ్ పాడవట్లేదుగా” అన్నారు మంత్రిగారు.

డాక్టరమ్మ దణ్ణం పెట్టి బయటికి నడిచింది. ఆవిడ ఏకీభవించినట్టు పీఏ రాసుకున్నాడు.

పుట్టినరోజు రానే వచ్చింది. స్టేడియం నిండా మంచాలు వేశారు. మున్సిపాలిటీ వాళ్లు, టీచర్లు, బస్సు డ్రైవర్లు, నర్సింగ్ కాలేజీ పిల్లలు స్వచ్ఛందంగా లారీల్లో దిగారు. గేటు దగ్గర హాజరు వేసుకున్నారు. నిన్ననే జ్వరం తగ్గిందని ఒక గుమాస్తా నసిగితే, “తగ్గినందుకైనా ఇవ్వాలి కదండీ” అన్నాడు కన్వీనర్ మర్యాదగా. డాక్టరమ్మ ఆ గుమాస్తాని వెనక గుమ్మంలోంచి పంపేసింది. అలా ఆవిడ చాలామందిని పంపింది. అయినా రక్తం పొంగిపొర్లింది.

ఒక బస్సు కండక్టరు మాత్రం పడుకుని, నిండుతున్న సంచి వంక చూస్తూ, “ఇది ఎవరికెళ్తుందండీ?” అని అడిగాడు.

“మంత్రిగారికి” అన్నాడు కన్వీనర్.

“ఎవరో ఒకరు బతికితే చాల్లెండి” అన్నాడు కండక్టరు.

వేదిక మీద రెండు మంచాలు వేశారు. ఒకటి మంత్రిగారిది. పక్కది కన్వీనర్‌దని మైకులో చెప్పేసరికి ఆయనకు ముచ్చెమటలు పోశాయి. పీఏ చెవి దగ్గరికి వంగాడు.

“కంగారుపడకండి. సార్‌కి గుచ్చడం లేదు. ప్లాస్టర్ వేసి పైపు అంటిస్తున్నాం. సంచిలో మీ షాపులోని ఎర్ర ఇంకు పోయించాం. మీకూ అదే పెట్టించమంటారా?”

అంత దయగా ఎవరైనా మాట్లాడి చాలాకాలమైంది. కన్వీనర్ కళ్లు చెమ్మగిల్లాయి. మర్నాడు పేపర్లలో, ప్రజలకోసం బాధ ఓర్చుకుంటూ కన్నీరు పెట్టిన కన్వీనర్ అని ఫోటో కింద రాశారు.

ఇంట్లో భార్య ఆ ఫోటో కత్తిరించి అద్దానికి అంటించింది. “రక్తం ఇచ్చిన ఒళ్లు” అంటూ పూటపూటా పాలు, గుడ్లు, దానిమ్మ గింజలు ముందు పెట్టింది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి గనక కన్వీనర్ తిన్నాడు. నెల తిరిగేసరికి ఆయన ప్యాంటు బొత్తాలు పట్టడం మానేశాయి.

ఆ నెల తిరగడంతోనే రెండో చిక్కు వచ్చింది. సంచుల గడువు తీరుతోందని, వాడినవి పోగా మిగిలినవన్నీ పారెయ్యాలని డాక్టరమ్మ మంత్రిగారికి చెప్పుకుంది.

“నా పుట్టినరోజు రక్తం పారబోస్తావా? అసలా గడువు పెట్టిందెవరు?”

“ప్రకృతి అనుకోండి సార్.”

“అది ఏ శాఖ కిందికొస్తుంది?” అని మంత్రిగారు పీఏని అడిగారు. పీఏకి తెలియలేదు. ఏ శాఖా తనదని ముందుకు రాకపోవడంతో, రక్తం గడువును ఆరు నెలలు పొడిగిస్తూ మంత్రిగారే ఉత్తర్వు ఇచ్చారు. వైద్యశాస్త్రం ఇన్నాళ్లూ చేయలేని పనిని ఒక్క సంతకంతో చేశారని పేపర్లు కొనియాడాయి. డాక్టరమ్మ ఉత్తర్వును భద్రంగా బీరువాలో పెట్టి, సంచులు పారేయించింది.

మరో మూడు వారాలకు కన్వీనర్ మరదలికి కాన్పు అయింది. ఆడపిల్ల. పిల్ల కేరుమంది. తల్లికి మాత్రం రక్తం ఆగలేదు.

కన్వీనర్ దంపతులు పెద్దాసుపత్రికి పరుగెత్తేసరికి వరండాలో తోడల్లుడు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మంచి మాటకారి. ఆ రోజు నోరు పెగల్లేదు. డాక్టరమ్మ బయటికొచ్చింది.

“బి నెగెటివ్ కావాలి. దొరికేదే తక్కువ. ఉన్న ఒక్క సంచీ ఎక్కించేశాను. పక్క ఊరినుంచి వచ్చేదాకా ఆగేలా లేదు. ఆ గ్రూపువాళ్లు ఊళ్లో కొంతమంది తెలుసు గాని, అందరూ పుట్టినరోజున ఇచ్చేసినవాళ్లే. మూడు నెలలు కాలేదు.”

“మా ఆయనది ఆ గ్రూపే” అంది కన్వీనర్ భార్య. వెంటనే ఆమె మొహం వాడిపోయింది. “కాని ఈయనా ఆ రోజే ఇచ్చేశారు కదండీ.”

తోడల్లుడు కన్వీనర్ చెయ్యి పట్టుకున్నాడు. “నీ తప్పేముంది అన్నయ్యా. ముందే మంచిపని చేసేశావు.”

కన్వీనర్‌కి తప్పించుకునే దారి ఇంత విశాలంగా ఎన్నడూ దొరకలేదు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. అలాగే కాసేపు నిలబడ్డాడు. లోపల పసిపిల్ల ఏడుస్తోంది. ఊరుకోబెట్టే చెయ్యి ఏదీ ఉన్నట్టు లేదు. వరండా చివరికి వెళ్లి మంత్రిగారికి ఫోన్ చేశాడు.

“ఇవ్వాలనుకుంటున్నాను సార్. మీతో ఒక మాట...”

“ఎలా ఇస్తావయ్యా? నువ్విప్పుడిస్తే అప్పుడివ్వలేదని తెలుస్తుంది. నువ్వివ్వలేదంటే నేనూ ఇవ్వలేదంటారు. మనవి పక్కపక్క మంచాలు.”

“మా మరదలు పోయేలా ఉంది సార్.”

“అయ్యో. ఆ కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి” అన్నారు మంత్రిగారు, ముందుగానే.

కన్వీనర్ ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగొచ్చాడు. భార్య మొహం చూడలేక డాక్టరమ్మ వైపు తిరిగి చెప్పాడు.

“నేను ఆ రోజు ఇవ్వలేదండి. అది ఇంకు.”

డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. భార్య మాత్రం ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

“మరి ఆ గుడ్లన్నీ?”

“తిన్నాను.”

“ముందు లోపలికి నడవండి. మిగతాది ఇంటికెళ్లాక” అంది.

చెప్పులు విడవడం మరిచిపోయి మంచం ఎక్కాడు. ఆయన సీలింగ్ ఫ్యాను వంక కళ్లార్పకుండా చూశాడు. చీమ కుట్టినట్టయింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎంతసేపటికీ ఏమీ లేకపోయేసరికి, “ఇంకా మొదలుపెట్టలేదా?” అని అడిగాడు.

“అయిపోవచ్చింది” అంది డాక్టరమ్మ. “ఇంతే ఇది. రోజుకి ఇలా కొందరొస్తే చాలని కదా నేను నెత్తీనోరూ కొట్టుకుని చెబుతున్నది.”

పక్కకి చూశాడు. సంచి ముదురు ఎరుపులో, వెచ్చగా, బరువుగా ఉంది. ఇన్నేళ్లూ రంగులతోనే బతికిన మనిషికి ఆ రంగు కొత్తగా కనిపించింది. పరీక్షలు చేసి మరదలికి ఎక్కించారు. ఈలోగా పక్క ఊరి రక్తం కూడా అందింది. సాయంత్రానికి ఆమె కళ్లు తెరిచి, పిల్లని దగ్గర పడుకోబెట్టమంది. తోడల్లుడు మళ్లీ మాటలు నేర్చుకున్నాడు. దారిన పోయేవాళ్లని ఆపి మరీ, మా అన్నయ్య రక్తమే నా భార్యని బతికించిందని చెప్పాడు.

అదే కొంప ముంచింది. రెండు నెలల్లో రెండుసార్లు ఎలా ఇచ్చాడని ప్రతిపక్షం పత్రిక అడిగింది. మంత్రిగారు వెంటనే విచారణ సంఘం వేశారు. సంఘం చాలా నిష్పక్షపాతంగా పనిచేసింది. మూడు నెలల్లోపు ఎవరూ రెండోసారి రక్తం ఇవ్వకూడదన్న నియమం ఉంది కాబట్టి, కన్వీనర్ రెండోసారి ఇవ్వలేదని తేల్చింది. అంటే ఆమెకు ఎక్కింది పుట్టినరోజు రక్తమే. ఆరు నెలల ఉత్తర్వు వల్లనే నిలిచి ఉంది.

“నీకేం నష్టం లేదుగా” అన్నారు మంత్రిగారు కన్వీనర్‌ని పిలిపించి. “ఇచ్చినట్టు పేరుంది. ఫోటో ఉంది. ఇవ్వనిది ఉండనీ, ఇచ్చింది తీసేద్దాం.”

కన్వీనర్ తల ఊపాడు. ఇంటికొచ్చి, జన్మలో తాను నిజంగా చేసిన పని అదొక్కటేనని భార్యతో అన్నాడు. అద్దం మీది ఫోటో అప్పటికే చింపేసి ఉంది. ఆ రాత్రి కంచంలో గుడ్డు మాత్రం ఉంది.

మరదలు కోలుకున్నాక టౌన్‌హాల్లో పెద్ద సభ పెట్టారు. పూర్తి పేరు, స్వచ్ఛంద రక్తదాన విజయోత్సవం. హాజరు తప్పనిసరి. ఆమెని పిల్లతో సహా వేదిక ఎక్కించి మంత్రిగారి పక్కన కూర్చోబెట్టారు. కన్వీనర్ మొదటి వరసలో కూర్చున్నాడు. డాక్టరమ్మని పిలవలేదు. ఆవిడకి ఖాళీ కూడా లేదు.

మంత్రిగారు పిల్ల బుగ్గ నిమిరి మైకు అందుకున్నారు.

“ఈ చెల్లెమ్మ ఒంట్లో పారుతున్నది ఎవరి రక్తం? నేను ఆ రోజు మీ అందరి ఎదుట ధారపోసిన రక్తం.”

హాలు మారుమోగింది. నాలుగు మాటలు చెప్పమ్మా అని పీఏ ఆమె చేతిలో కాగితం పెట్టాడు. మరదలు కాగితం మడిచి పిల్ల కింద పెట్టింది. తిన్నగా మంత్రిగారి వైపు తిరిగింది.

“సార్, నాది బి నెగెటివ్. మీది ఏ గ్రూపండీ?”

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ ఫైలు వైపు చూశాడు. ఫైల్లో లేదు.

మంత్రిగారు గొంతు సవరించుకున్నారు.

“చూడమ్మా, నాకే గ్రూపూ లేదు. నేను రాజకీయాల్లోకి వచ్చిన నాటినుంచీ గ్రూపులకి బద్ధ వ్యతిరేకిని.”

జనం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు.