కత్తెర మాస్టారి నడుము కొలత

కత్తెర మాస్టారికి సూదంటే భయం. నవ్వకండి. గుడ్డలో దిగే సూదితో ఆయన పాతికేళ్లుగా కాపురం చేస్తున్నాడు. ఒంట్లో దిగే సూది కనిపిస్తే మాత్రం కుర్చీతో సహా వెనక్కి జరుగుతాడు.

అలాంటి మనిషికి డాక్టరు చల్లగా చెప్పాడు. "రక్తంలో చక్కెర పెరిగింది మాస్టారూ. అన్నం, రొట్టె, బంగాళాదుంప, తీపి మానేయండి. గుడ్లు, చేపలు, ఆకుకూరలు తినండి. వచ్చే పరీక్షకి నడుమూ చక్కెరా దిగకపోతే రోజూ ఇంజక్షనే."

మాస్టారు ఇంటికొచ్చి భార్య ముందు శపథం చేశాడు. "ఈ క్షణం నుంచి పిండి అనేది మన గడప తొక్కదు."

"చొక్కాలకి గంజి పెట్టమంటారా, అదీ మానమంటారా?" అంది ఆవిడ చొక్కా గుండీకి కాజా కుడుతూనే.

శపథం రెండు రోజులు బాగానే నిలిచింది. మూడోనాడు గోడవతల రొట్టెల బాబాయి బేకరీ నుంచి కమ్మటి వాసన వచ్చింది. మాస్టారు మనిషే కదా, పైగా గోడకి కిటికీ ఉంది. ఆ కిటికీలోంచి బిస్కట్లు వచ్చి, పై అరలోని గుండీల డబ్బాలో చేరాయి. ఆ ఇంట్లో గుండీలు కుట్టేది భార్యే అన్న సంగతి ఆయనకు తట్టలేదు. బుద్ధి నాలుక మీదికి దిగిపోయాక ఇంకేం తడుతుంది?

మరి నడుము తగ్గినట్టు కనపడాలి కదా. అందుకని తన పాంటు వెనక కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డను బయటికి వదిలాడు. మర్నాడు పొద్దున్నే పాంటు పట్టుకుని భార్య ముందు అటూ ఇటూ తిరిగాడు. "చూడు, నిలబడనంటోంది."

"అవునండోయ్, చిక్కిపోయారు," అంది ఆవిడ.

అక్కడితో ఆగితే ఆయన కత్తెర మాస్టారు ఎలా అవుతాడు? కొలతలకి వచ్చినవాడినల్లా కూర్చోబెట్టి ఉపదేశం మొదలుపెట్టాడు. బ్యాంకు క్యాషియరు చొక్కాకి వచ్చి శిష్యుడై వెళ్లాడు. వాళ్లూ వీళ్లూ చేరి వీధివీధంతా అన్నం మీద అలిగింది.

ఒక మధ్యాహ్నం మాస్టారు కునుకు తీస్తుండగా రొట్టెల బాబాయి వచ్చి వాపోయాడు. "అమ్మా, మీ ఆయన పుణ్యాన నా రొట్టెలు కొనే నాథుడు లేడు. నిజం చెప్పాలంటే మీ ఆయనొక్కడే నా కొట్టు నడుపుతున్నాడు."

ఆవిడ పై అర అందుకుని గుండీల డబ్బా మూత తీసింది. కోపం రాలేదు, భయం వేసింది. ఈయన నవ్వుతూ నవ్వుతూ ఎక్కడికి పోతాడో అనుకుంది. అరిస్తే డబ్బా మారుతుంది గానీ మనిషి మారడు. అందుకని కత్తెర తీసుకుని, మాస్టారి కొలతల టేపు మొదట్లో మూడంగుళాలు కత్తిరించి, ఆ కొసనుండే ఇత్తడి బిళ్లను మళ్లీ యథాతథంగా బిగించేసింది. టేపు మొదలు ఏ దర్జీ చూస్తాడు? బొటనవేలి కింద అదిమేసి అటు చివరే చూస్తాడు.

నిద్ర లేచి, ఎవరూ లేకుండా చూసి నడుము కొలుచుకున్న మాస్టారు టేపు విప్పి మళ్లీ చుట్టాడు. మూడంగుళాలు పెరిగింది. తూకం యంత్రం అబద్ధమాడుతుంది గానీ టేపు ఆడదని జీవితమంతా చెప్పినవాడు ఆయన. కళ్ల ముందు డాక్టరు, డాక్టరు చేతిలో సూది కనిపించాయి. ఆ పూటే బిస్కట్లు కిటికీలోంచి వెనక్కి వెళ్లాయి.

అంతలో క్యాషియరు కొత్త పాంటు కొలతకి వచ్చాడు. మాస్టారు టేపు చుట్టి, పుస్తకంలోని పాత కొలతతో పోల్చి కళ్లెర్రజేశాడు. "ఏమయ్యా, దొంగతనంగా ఏం తింటున్నావు?"

క్యాషియరు భుజాలు తడుముకున్నాడు. "మీకెలా తెలిసింది మాస్టారూ? బీరువాలో కేకు. ఒక్క ముక్కే."

"ఒక్క ముక్కకే మూడంగుళాలా?"

ఇలా వచ్చిన ప్రతివాడి నడుమూ మూడంగుళాలు పెరిగినట్టు తేలడంతో, మాస్టారు అందరినీ ఏకిపారేశాడు. వాళ్లు బెదిరి నిజంగానే నోరు కట్టుకున్నారు. తమాషా ఏమిటంటే, కొలత టేపుతో తీసినా గుడ్డ కొలిచి కత్తిరించేది బల్ల మీది కర్ర స్కేలుతో. అందువల్ల కుట్టిన ప్రతి పాంటూ వదులుగానే వచ్చింది. అవి తొడుక్కున్నవాళ్లు తాము నాలుగు రోజుల్లో చిక్కిపోయామని మాస్టారికి మొక్కినంత పని చేశారు.

మాస్టారి బాధ మాత్రం ఎవరికి చెప్పుకుంటాడు? గుడ్లూ ఆకులూ తిని పొట్ట లోపలికి పోతున్నా టేపు ఒప్పుకోదు. పాంటు రోజురోజుకీ జారుతోంది గానీ, అది తన కుట్టు విద్యే అనుకున్నాడు. పెద్ద మోసగాణ్ణని తనను తానే తిట్టుకున్నాడు.

ఒక ఆదివారం శిష్యులంతా కొట్లో చేరి, నాలుగు మాటలు చెప్పమన్నారు. మాస్టారు బల్ల ఎక్కి రెండు చేతులూ ఎత్తాడు. ఇన్నాళ్లూ పాంటును పట్టుకున్నవి ఆ చేతులే. పాంటు చక్కా కిందికి వచ్చి పాదాల మీద కూర్చుంది. తన గుట్టు రట్టయిందని మాస్టారు కళ్లు మూసుకున్నాడు. శిష్యులు మాత్రం ఇంతకన్నా రుజువేముందని చప్పట్లు కొట్టారు.

మర్నాడు డాక్టరు పరీక్షల కాగితం చూసి తలాడించాడు. చక్కెర దిగింది, ఇంజక్షను అక్కర్లేదు. మాస్టారు అయోమయంగా ఇంటికొచ్చాడు. ఒక్క బిస్కట్టుతో పండగ చేసుకుందామని, పాతది ఏదైనా మిగిలిందేమో అని గుండీల డబ్బా మూత తీశాడు. అందులో టేపు ముక్క ఉంది. దాని మీద అంకెలు: ఒకటి, రెండు, మూడు.

"దొరికిందా?" అంది భార్య వెనకనుంచి.

మాస్టారు టేపు ముక్క పట్టుకుని ఇటు తిరిగాడు. "అయితే క్యాషియరు పాంటు..."

"అదీ ఆ మూడంగుళాలే. వెళ్లి చెప్పేయండి."

"చెబితే బిస్కట్ల సంగతీ చెప్పాల్సొస్తుందేమో."

"రాదూ మరి? అయినా నిన్న ఆయన్ని వేరే టేపుతో కొలిచాను. రెండంగుళాలు నిజంగానే తగ్గాడు. పాపం, మీ తిట్లకి భయపడి."

"నన్నూ భయపెట్టావు కదే."

"మీరు లేకపోతే నాకు భయం కాబట్టి," అంది ఆవిడ. వెంటనే చెయ్యి చాపింది.

"ఆ పాంటు ఇటివ్వండి. మీరు విప్పిన వెనక కుట్టు మళ్లీ వేసిస్తాను."

దొంగకు తేలు కుట్టినట్టు మాస్టారు పాంటు విప్పి ఇచ్చి, తువ్వాలు చుట్టుకుని బల్ల పక్కన కూర్చున్నాడు.