రెండు డబ్బాలు, ఆరు దూడలు

ఆ రోజు ఉదయం కోడలు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆరు దూడలను కాటా ఎక్కించాలి, అంకెలు పుస్తకంలో రాయాలి, పదకొండింటికి పశువుల డాక్టరుగారు రాగానే ఆయన చేతిలో పెట్టాలి. అంతే.

దాని వెనుక నలభై రోజుల కుతూహలం ఉంది. పాలు మానిన దూడలకు దాణాలో అమైనో ఆమ్లాల పొడి కలిపితే నిజంగా ఎక్కువ బరువు పెరుగుతాయా? తేల్చడానికి డాక్టరుగారు రెండు డబ్బాలు ఇచ్చారు. ఎర్రమూత డబ్బాలోది ఎర్రపట్టీ కట్టిన మూడు దూడలకు, నీలంమూత డబ్బాలోది నీలంపట్టీ కట్టిన మూడింటికి. ఒకదాంట్లో అసలు పొడి, రెండోదాంట్లో వట్టి మొక్కజొన్న పిండి. ఏది ఎందులో ఉందో రాసిన కవరు మాత్రం ఆయన దగ్గరే ఉంచుకున్నారు. "ఎవరికీ తెలియకూడదు. నీక్కూడానమ్మా" అన్నారు. ఈ పని సవ్యంగా చేస్తే పరిశోధన కేంద్రంలో ఆమెకు ఉద్యోగం. మూడేళ్లుగా ఆమె దానికోసమే ఎదురుచూస్తోంది.

కాటా ఎక్కనని మొరాయించిన దూడను, ఇంట్లో అందరూ రౌడీ అని పిలిచేదాన్ని, మామగారు వెనకనుంచి నెట్టారు. తూకాలు అయ్యాయి. ఎర్రపట్టీవి మూడూ కలిపి డెబ్బై రెండు కిలోలు పెరిగాయి. నీలంపట్టీవి డెబ్బై ఒకటిన్నర. కోడలు మళ్లీ కూడింది. మళ్లీ అంతే వచ్చింది.

"అదెలా? కాస్తయినా తేడా ఉండాలి కదా!" అంది.

అత్తగారు చీపురు గోడకు ఆనించి దగ్గరకొచ్చింది. "కోప్పడనంటే ఒక మాట చెప్తానమ్మాయీ. ఎర్రమూత పిండి నిగనిగలాడుతుంటే అదే అసలుదనుకున్నా. నీలంపట్టీ పిల్లలేం పాపం చేశాయి? రోజూ మధ్యాహ్నం వాటికీ అందులోంచి తలో గుప్పెడు వేశా."

"అత్తయ్యా!"

"అసలుది నీలంమూత దాంట్లో ఉందే పిచ్చిదానా!" అన్నారు మామగారు ఉండబట్టలేక. "వాసన చూస్తే తెలియట్లా? అందుకేగా సాయంత్రాలు నేను ఎర్రపట్టీవాటికి అందులోంచి తీసి వేసింది!"

కోడలు నీరసంగా పీట మీద కూలబడింది. "రోజూనా మామయ్యా?"

"ఆదివారాలు కాస్త ఎక్కువ."

"మరి డబ్బాలు ఎప్పుడో ఖాళీ అవ్వాలిగా?" అంది. కొంప మునుగుతున్నా సరే, ఆమెకు లెక్క తేలాలి.

గుమ్మంలో భర్త తల గోక్కున్నాడు. "అయిపోవస్తుంటే నువ్వే కొలత తప్పి ఎక్కువ వేస్తున్నావనుకున్నా. మాట పడతావని రెండింట్లోనూ మన బస్తాలోని మొక్కజొన్న పిండి నింపేశా. పోనీ, ఇప్పుడు ఎర్రవాటికి తలో మూడు కిలోలు కలిపి రాసెయ్. ఎవరొచ్చి తూస్తారు?"

"ఎర్రవాటికే" అంది అత్తగారు.

"నీలంవాటికి!" అన్నారు మామగారు.

వాళ్లిద్దరూ ఆ విషయం తేల్చుకుంటుండగా వీధిలో డాక్టరుగారి బండి ఆగింది. కోడలికి ఏడుపొచ్చింది. ఉద్యోగం చేతిదాకా వచ్చి జారిపోతోంది. మూడు కిలోలు రాయడానికి కలం కూడా ఎత్తింది. కానీ తెలుసుకోవాలని నలభై రోజులు ఆరాటపడి, చివరికి తనే ఒక జవాబు కల్పిస్తే ఇక తెలుసుకున్నదేమిటి? ఉన్న అంకెలు ఉన్నట్టు రాసి, కింద ముగ్గురి నిర్వాకమూ రాసి, పుస్తకం ఇచ్చేసింది.

డాక్టరుగారు కళ్లజోడు సర్దుకుని పైకే చదివారు. "మధ్యాహ్నం అత్తగారు, తలో గుప్పెడు. సాయంత్రం మామగారు, ఆదివారాలు ఎక్కువ..." తర్వాత కవరు చించి కాగితం ఆమెకు అందించారు.

అందులో ఒకే వాక్యం ఉంది: రెండు డబ్బాల్లోనూ మొక్కజొన్న పిండే.

"అసలు పొడి ఇచ్చేముందు, ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి దొరకాలిగా" అన్నారాయన. "నీకంటే ముందు ఇద్దరికి ఇచ్చా. ఎర్రపట్టీ దూడలు తెగ పెరిగాయని ఇద్దరూ రాశారు. ఒకటో తారీఖున వచ్చి ఉద్యోగంలో చేరమ్మా. ఇవిగో, అసలు డబ్బాలు."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. అత్తగారు, మామగారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి రౌడీ ఒళ్లు అంతలా మెరుస్తోందేంటండీ?" అన్నారు మామగారు, ఇంకా ఓటమి ఒప్పుకోకుండా. ఆ మాట అంటూనే కొత్త డబ్బా మూత తీసి వాసన చూడబోయారు.

ఆ సాయంత్రమే దూడల పాకకు కొత్త తాళం పడింది. దూడలు పారిపోతాయని కాదు.