క్లాప్ కొట్టగానే బుజ్జి

ఆ రోజు కో-డైరెక్టర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనాల లోపు వీడ్కోలు సీను తీసేయాలి. పదిహేనేళ్ళ కుర్రాడు హాల్లో నేల మీద కూర్చుని, తను చేరదీసిన మిలిటరీ కుక్కను కావలించుకుని ఏడుస్తాడు. కుక్కంటే గిట్టని తండ్రి గుమ్మంలో నిలబడి అది చూసి కరిగిపోతాడు. అంతటితో షూటింగ్ ఆఖరు. ఇవాళే పూర్తిచేస్తే తరవాతి సినిమాకి దర్శకుడివి నువ్వేనని నిర్మాత మాటిచ్చాడు. ఈ సినిమాకి దర్శకుడు నిర్మాతగారి అల్లుడు. ఆయన ఎండ తగ్గాక వస్తాడు. వచ్చేలోపు సినిమా తీసేది కో-డైరెక్టరే.

తీరా తెల్లవారేసరికి, అన్నాళ్ళుగా నటిస్తున్న కుక్క వాంతులు చేసుకుని పడకేసింది. కో-డైరెక్టర్ ఊరంతా గాలించి అచ్చం దానిలాంటి దాన్నే పట్టుకొచ్చాడు. పేరు బుజ్జి. నిజంగానే సైన్యంలో పనిచేసి రిటైరైంది. వెంట వచ్చిన ముసలి సైనికుడు వ్యాను దిగుతూనే, ఇది మాట జవదాటదనీ, దీని దగ్గర చప్పుళ్ళు మాత్రం చేయొద్దనీ చెప్పాడు. అప్పుడు కో-డైరెక్టర్ తెర మీద తన పేరు ఎంత లావు అక్షరాలతో పడబోతోందో ఫోన్లో భార్యకు వర్ణిస్తున్నాడు. గంగిరెద్దులా తలాడించి, ఆయన్ని టీ తాగమని పంపేశాడు.

లైట్లు వెలిగాయి. కుర్రాడి ముఖం ముందు క్లాప్‌బోర్డు ఠప్పుమంది. మరుక్షణం బుజ్జి వాణ్ని వెల్లకిలా పడేసి, నాలుగు కాళ్ళూ చాపి వాడి మీద పడుకుంది. దగ్గరికొచ్చిన వాళ్ళ మీద గుర్రుమంది. హడావుడి సద్దుమణిగాక తనంతట తనే లేచి, ఏమీ ఎరగనట్టు పక్కన కూర్చుంది.

కుర్రాడు పూసుకున్న సెంటు పడలేదన్నాడు మేకప్ మనిషి. వాడి మెడ కడిగించారు. ఎర్ర చొక్కా వల్లేనన్నాడు కెమెరామన్. చొక్కా మార్పించారు. రెండో క్లాప్‌కి కుర్రాడు మళ్ళీ బుజ్జి కిందే ఉన్నాడు. దాంతో తండ్రి వేషం వేసిన నటుడు, దీనికి పిల్లలంటే పడదని తేల్చేసి, తను బుజ్జగిస్తానని పక్కన కూర్చున్నాడు. మూడో క్లాప్‌కి ఆయన విగ్గు సోఫా కిందికి, ఆయన బుజ్జి కిందికి చేరారు.

ఆయన్ని లేపి కూర్చోబెడుతుండగా నిర్మాత దిగాడు, వెనకాలే అల్లుడు.

"ఏమయ్యా, అయిందా?"

"అయిపోవచ్చింది సార్. కుక్క కొంచెం కొత్త."

"కుక్కకి భయపడేవాళ్ళు కుక్క సినిమా ఎందుకు తీస్తున్నారయ్యా? నేను పట్టుకుంటా, కానివ్వండి."

తెల్ల బట్టలతోనే నేల మీద చతికిలబడి, ఆయన బుజ్జి మెడ చుట్టూ చెయ్యి వేశాడు. కో-డైరెక్టర్ వద్దనలేడు, సరేననలేడు. అతను నోరు తెరిచేలోపే, నిర్మాతగారే కానివ్వమన్నారు కదా అని అసిస్టెంటు ఠప్పుమనిపించాడు.

కేకలు మిన్నంటాయి. కేకలు పెరిగినకొద్దీ బుజ్జి ఆయన్ని ఇంకా గట్టిగా అదుముకుంది. అల్లుడు వంటగదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. తన సినిమా ఆ కుక్క పొట్ట కింద నలిగిపోతుంటే చూడలేక కో-డైరెక్టర్ వ్యాను దగ్గరికి పరిగెత్తాడు.

ముసలి సైనికుడు తాపీగా టీ గ్లాసు కడిగి బోర్లించాడు. "చప్పుళ్ళు వద్దన్నానా లేదా? అది కరవట్లేదు నాయనా, కాపాడుతోంది. తుపాకీ పేలితే పక్కనున్న మనిషిని కింద పడేసి మీద పడుకోవాలి. అదే దాని ఉద్యోగం."

ఇద్దరూ వచ్చేసరికి నిర్మాత బుజ్జి కింద కదలకుండా పడుకుని ఉన్నాడు. కో-డైరెక్టర్ సంగతి చెప్పాడు. సైనికుడు కుక్కను లేపబోతే నిర్మాత చెయ్యెత్తి ఆపాడు.

"ఉండనివ్వండి. ఇన్నేళ్ళలో నా మీదికి ఏదొచ్చినా నా వాళ్ళంతా పక్కకి తప్పుకున్నారు. అడ్డం పడింది ఇదొక్కటే."

వంటగది గడియ మెల్లగా తీసిన చప్పుడు అందరికీ వినిపించింది.

లేచాక ఆయన నిర్ణయాలు చకచకా వచ్చాయి. బుజ్జి కుర్రాడికి అడ్డం పడేటట్టు సీను మార్చి తీయాలి. తరవాతి సినిమా కూడా బుజ్జి మీదే. ఇచ్చిన మాట గుర్తుచేద్దామని కో-డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. అప్పటికే ఆయన ముసలి సైనికుడి భుజం మీద చెయ్యి వేసి, ఒక్క మాటతో పని చేయించేవాడే దర్శకుడనీ, అలాంటివాడు తనకు ఇన్నాళ్ళకు దొరికాడనీ అందరికీ చెబుతున్నాడు.

అందరూ వెళ్ళాక ముసలాయన మొహమాటపడుతూ కో-డైరెక్టర్ దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఇంతకీ దర్శకుడంటే ఏం చెయ్యాలి?"

కో-డైరెక్టర్ ఒక కుర్చీ లాగి, దుమ్ము దులిపి, ఆయన్ని కూర్చోబెట్టాడు. కొత్త దర్శకులకు పని నేర్పడం అతనికి అలవాటే.