ఏమీ చెయ్యనులే!

ఆ మధ్యాహ్నం మా ఆవిడ చేతిలో తెల్లకోటు చూసి నాకు గుండె ఆగినంత పనైంది. ఆ సంగతి చెప్పేముందు, అందులో తప్పంతా నాది కాదని మీరు ఒప్పుకోవాలి. ఒప్పుకోరా? సరే, ముందు వినండి.

మా ఆవిడది ఎంబ్రాయిడరీ పని. కంప్యూటర్లో పేరు టైపు చేసి పంపితే, పక్క గదిలో ఉన్న మెషిన్ ఆ పేరును బట్టమీద దారంతో కుడుతుంది. ఆ వారం ఆవిడకు మొదటిసారి పెద్ద ఆర్డరు వచ్చింది. కొత్తగా తెరవబోయే ఆసుపత్రికి ఇరవయ్యారు తెల్లకోట్లు, ఒక్కో జేబుమీద ఒక్కో డాక్టరు పేరు. సాయంత్రం ఐదింటికి వాళ్ళ మనిషి వచ్చి పట్టుకెళ్తాడు. అవి నచ్చితే నర్సుల యూనిఫారాలు కూడా ఆవిడకే ఇస్తామన్నారు. రెండు వారాలుగా ఆవిడకు వేరే ధ్యాస లేదు.

ఇక నేను. ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. సరిగ్గా ఆ రోజే నా లాప్‌టాప్ రిపేరులో ఉంది. నాలుగింటికల్లా మా మేనేజరుకు పనిచేసే ప్రోగ్రాము చూపించాలి. ఆయన్ని మేం చాటుగా ‘అర్జెంట్ గారు’ అంటాం. అందుకని మా ఆవిడ కంప్యూటర్ అడిగాను.

“వాడుకోండి. నా సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోకూడదు.”

“ఏమీ చెయ్యనులే!”

“నిరుడు ప్రింటర్ ముట్టుకున్నప్పుడూ ఇదే మాటన్నారు. అది ఇవాళ్టికీ తలకిందులుగానే ప్రింట్ చేస్తోంది.”

“కాయితం తిప్పుకుంటే సరిపోతుంది కదా!”

ఆవిడ కాసేపు ఆగమంది. సొరుగులోంచి ఏదో తీసి, కంప్యూటర్ దగ్గర ఏదో పని చూసుకుని, అప్పుడు కుర్చీ ఇచ్చింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఒప్పందం ఏమిటంటే, కోటుకొకసారి ఆవిడ వచ్చి పేరు పంపుతుంది, మెషిన్ కుట్టినంతసేపూ కుర్చీ నాది.

ముక్కలుగా రాసిన ప్రోగ్రామును ఒక్కటిగా అతికి, పనిచేసే సరుకుగా మార్చడాన్ని మేం బిల్డ్ అంటాం. నా బిల్డ్ మొదటిసారే బోర్లాపడింది. స్క్రీన్ నిండా ఎర్రటి ఎర్రర్లు. గంటన్నర తలపట్టుకుని కూర్చుంటే జబ్బు తెలిసింది. అక్షరాలు గీయడం వంటి పనులు మేం సొంతంగా రాయం, ఎవరో రాసిపెట్టిన లైబ్రరీని వాడుకుంటాం. ఆ లైబ్రరీ ఈ కంప్యూటర్లో రెండు వెర్షన్లుగా ఉంది. కొత్తది పొద్దున్న నేను ఎక్కించింది. పాతది ఎప్పట్నుంచో సిస్టం ఫోల్డర్లో తిష్ట వేసుకుని ఉంది. పేరు ఒకటే కావడంతో నా బిల్డ్ సగం పనికి దీన్నీ, సగం పనికి దాన్నీ పిలుస్తోంది. ఒకరి కొలతలు తీసుకుని ఇంకొకరికి చొక్కా తొడిగినట్టుంది వ్యవహారం.

నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. పాతదాన్ని పీకేసి, దాని చోట కొత్తదాన్ని కూర్చోబెట్టాను. పోయింది ఒక్క ఫైలు, ఎవరికి తెలుస్తుంది?

బిల్డ్ చకచకా పూర్తయింది. నేను కుర్చీలోనే ఒక గంతేశాను.

“ఏమిటా చప్పుడు?” పక్క గదిలోంచి మా ఆవిడ.

“ఏమీ లేదోయ్!”

ఆవిడ వచ్చి చివరి పేరు పంపింది. అది పెద్ద డాక్టరుగారి కోటు. ఐదు నిమిషాల తర్వాత మెషిన్ ఆగింది. ఆవిడ మాత్రం వెంటనే రాలేదు. ఆ తర్వాత మెల్లగా వచ్చి, కోటు నా ముందు పరిచింది.

జేబుమీద పేరు లేదు. అక్షరాలన్నీ ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుని, నల్లటి దారపు ముద్ద ఒకటుంది.

“ఇదేమిటండీ?”

“దారం బిగుసుకుందేమో.”

“దారం నాకు కొత్తా?”

“పోనీ, సూది వంగిందేమో.”

“పాతిక కోట్లకు వంగని సూది పెద్ద డాక్టరుగారికే వంగిందా?”

గౌరవం కొద్దీ వంగిందేమో అనబోయి, ఆవిడ కళ్ళు చూసి మానుకున్నాను. “ఐదు నిమిషాల్లో సరిచేస్తాను” అని మీటలమీద పడ్డాను. కొత్త లైబ్రరీ తీసెయ్యమన్నాను. సిస్టం బారెడు జాబితా చూపించి, ఇవన్నీ తీసెయ్యమంటారా అని అడిగింది. అలాంటి ప్రశ్నలకు నాదెప్పుడూ ఒకటే జవాబు.

స్క్రీన్ నల్లబడింది. కిటికీలు పోయాయి, బొమ్మలు పోయాయి, ఆఖరికి మౌస్ బాణం కూడా పోయింది. మూల ఒక తెల్లటి గీత మాత్రం మినుకు మినుకుమంటోంది.

“స్క్రీన్ మీద మన పెళ్ళిఫోటో ఏదండీ?”

“పోయింది.”

“ఏం చేశారు?”

“అవునన్నాను.”

“దేనికి?”

“చదవలేదు.”

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. గడియారం వైపు ఒకసారి, కోటు వైపు ఒకసారి చూసింది. రెండున్నర. నాకు నిజంగానే భయం వేసింది, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. పాతదాన్ని పీకేయడం దగ్గర్నుంచి మొత్తం కక్కేశాను. ఆవిడ సాఫ్ట్‌వేర్ అక్షరాలు గీసేది ఆ పాతదానితోనే.

అంతా విని ఆవిడ సొరుగు తెరిచింది. అందులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసింది. దానికి గుడ్డముక్క కట్టి ఉంది. గుడ్డమీద ఎర్రదారంతో ముత్యాల్లాంటి అక్షరాలు: ‘ఆయన ముట్టుకోకముందు’.

నేను వంగి చూశాను. సొరుగులో అలాంటివి ఇంకో మూడున్నాయి. ఒకదానిమీద ‘ప్రింటర్ తర్వాత’ అని ఉంది.

“మెషిన్ అమ్మినాయన మొదటిరోజే నేర్పాడు. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్ళుంటే తప్పకుండా కాపీ తీసి దాచుకోమన్నాడు.”

అరగంటలో కంప్యూటర్ పొద్దుటి స్థితికి వచ్చింది. పెళ్ళిఫోటోతో సహా. నా కోడ్ ఆఫీసు సర్వర్లో ఉంది కాబట్టి బతికాను, దాన్నీ కొత్త లైబ్రరీనీ మళ్ళీ ఎక్కించాను. కానీ పాత లైబ్రరీ కూడా వచ్చి తన చోట కూర్చుంది. నా బిల్డ్ మళ్ళీ బోర్లాపడింది. టైము మూడుంబావు. నేను తల రెండు చేతుల్లో పెట్టుకున్నాను.

మా ఆవిడ రెండు బాబిన్లు తెచ్చి నా అరచేతిలో పెట్టింది. అవే, మెషిన్ కింద దారం చుట్టే బుల్లి చక్రాలు.

“రెండూ ఒకేలా ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“ఒకటి పాత కుట్టుమిషన్‌ది, ఒకటి దీనిది. తారుమారైతే కుట్టు చిక్కుపడుతుంది. అలాగని నేను పాతవి పారేస్తానా? వేరే డబ్బాలో పెట్టి, ఏ మిషన్ దగ్గర డబ్బా ఆ మిషన్ దగ్గరే ఉంచుతాను. మీకు డబ్బాల్లేవా?”

ఉన్నాయి. పదిహేనేళ్ళుగా ఉన్నాయి. కొత్త లైబ్రరీని నా ప్రోగ్రాము ఫోల్డర్లోనే విడిగా పెట్టి, ‘ఇక్కడే వెతుక్కో, సిస్టం వైపు చూడకు’ అని బిల్డ్‌కు చెప్పాను. బిల్డ్ పూర్తయింది. ఆవిడ సాఫ్ట్‌వేర్‌కు ఈగ వాలినంత తేడా కూడా లేదు.

“ఇక ఈ ముద్ద విప్పండి. బట్టకు చిల్లుపడితే ఆసుపత్రిలో ఆ కోటు తొడుక్కుని మీరే నిలబడాలి.”

నాలుగింటికి అర్జెంట్ గారు స్క్రీన్ మీద ప్రత్యక్షమయ్యారు. ఒక చేత్తో ప్రోగ్రాము చూపిస్తూ, ఒళ్ళో కోటు పెట్టుకుని రెండో చేత్తో కుట్లు విప్పుతున్నాను.

“బాగుందయ్యా! ఈ గొడవతో మన టీమంతా వారంగా చస్తున్నారు. పాతదీ కొత్తదీ విడిగా పెట్టాలన్న ఆలోచన ఎవరిది?”

నాదే అందామని నోరు తెరిచాను. వెనకాల గాజుల చప్పుడైంది.

“మా ఆవిడదండీ.”

“అయితే సోమవారం ఆవిణ్ణే టీముకు చెప్పమను. అర్జెంట్!”

“ముందు కోట్లు వెళ్ళనివ్వండి సార్, తర్వాత చూద్దాం” అంది మా ఆవిడ నా భుజం మీదుగా.

ముద్ద వదిలాక ఆవిడ పెద్ద డాక్టరుగారి పేరు మళ్ళీ కుట్టించింది. ఐదింటికి ఆసుపత్రి మనిషి వచ్చాడు. ఇరవయ్యారు కోట్లూ తిరగేసి, పెద్ద డాక్టరుగారిదే అన్నిటికంటే బాగా కుదిరిందన్నాడు. నర్సుల యూనిఫారాల కొలతల కాయితం అక్కడికక్కడే ఇచ్చి వెళ్ళాడు. నా వేళ్ళకు పడ్డ సూది పోట్ల గురించి ఎవరూ అడగలేదు.

మొన్న ఆదివారం మిక్సీ ఎందుకో మూలుగుతోందని మా ఆవిడ అంటే, “ఇలా ఇవ్వు, ఒకసారి చూస్తాను. ఏమీ చెయ్యనులే!” అన్నాను.

పక్క గదిలో సొరుగు తెరిచిన చప్పుడైంది.