తాళం తప్పని డ్రమ్మర్

మనిషన్నవాడు తప్పు చేయాలి. చేయనివాడు మనిషి కాడు. ఇది ఏ వేదాంతీ చెప్పిన మాట కాదు. పాటలను ఫోన్లలోకి ఎక్కించే కంపెనీవారి మానవ నిర్ధారణ విభాగం, నాలుగో నిబంధన. యంత్రాలు కూడా పాటలు కట్టేస్తున్న ఈ రోజుల్లో మనుషుల పాటలను కాపాడటానికి ఈ విభాగం పెట్టారట. కాపాడటం మొదలయ్యాక మనుషుల పాటలు బయటికి రావడం బాగా తగ్గింది. (దొంగలు తిరుగుతున్నారని అందరి ఇళ్లకూ బయటినుంచి తాళాలు వేసినట్టు.)

మా ఇంటి కింద షెడ్డులో ఒక బ్యాండు ఉంది. ఫంక్, సోల్ వాయిస్తారు. కూర్చున్నవాడి కాలు వాడి అనుమతి లేకుండా ఆడితే అది ఫంక్. ఆ కాలు ఎందుకు ఆడిందో తలుచుకుని వాడు ఏడిస్తే అది సోల్. బ్యాండు ఒక అన్నాచెల్లెళ్లది. చెల్లెలు పాడుతుంది, ఆమె భర్త బేస్ గిటార్ వాయిస్తాడు, అన్న డ్రమ్మర్. ట్రంపెట్లు ఊదేవాళ్లు ఇద్దరు వేరే పని లేనప్పుడు వస్తారు.

డ్రమ్మర్ తాళం తప్పడు. జీవితంలో అతను నేర్చుకున్నది అదొక్కటే. అతను వాయిస్తుంటే పైన నా గోడ గడియారమే తడబడుతున్నట్టుండేది. మొన్న ఎండాకాలంలో అతని కుడిచేయి వణకడం మొదలైంది. డాక్టరు దానికొక పొడుగాటి పేరు చెప్పి, ఇక తగ్గేది కాదన్నాడు. చేయి ఇంకా మాట వింటున్న ఒక ఉదయం వాళ్లు కొత్త పాటను ఒకే విడతలో రికార్డు చేశారు. జనం లేచి ఆడటానికి కట్టిన పాట. డ్రమ్మర్‌కు అదే ఆఖరిదని అందరికీ తెలుసు. ఆ వాయింపు నలుగురి చెవినా పడాలి. వాళ్లకు కావలసింది అంతే. దరఖాస్తు అతని పేరు మీదే, అతని సంతకంతోనే పెట్టారు.

జవాబు వెంటనే వచ్చింది. "డ్రమ్ములు యంత్రం వాయించినవిగా గుర్తించడమైనది. మనుషులు ఇంత సరిగా వాయించరు. విచారణకు హాజరు కావలెను."

"పుట్టి బుద్ధెరిగాక నిన్ను ఎవరూ ఇంత పొగడలేదు బావా," అన్నాడు బేస్ గిటార్.

"నీ మీద మాత్రం వాళ్లకు అనుమానమే రాలేదు చూశావా," అన్నాడు డ్రమ్మర్. "నీ వాయింపు వింటే ఏ యంత్రమూ నాది అని ఒప్పుకోదు."

విచారణకు ఒక సాక్షి కావాలి. సాక్షికి బ్యాండు మీద అభిమానం ఉండరాదని నిబంధన. చెల్లెలు మేడ మీదికి వచ్చింది.

"బాబాయ్‌గారూ, మేమంటే మీకు అస్సలు పడదు కదా?"

"పడదు."

"అయితే మీరే సాయం చేయాలి."

వాళ్ల వెంట వెళ్లాను. కార్యాలయం వరండా నిండా వాయిద్యాలు మోసుకొచ్చిన జనం. ఒక తల్లి కూతురి చేత వయొలిన్ సాధన చేయిస్తోంది. "అక్కడ కాదే మొద్దూ, ఇక్కడ తప్పాలి! ఇంట్లో ఎంత బాగా తప్పావు!" ఆ పిల్ల భయంతో అంతా సరిగా వాయించేసింది. తల్లి నెత్తి కొట్టుకుంది.

నిర్ధారణాధికారి మర్యాదస్తుడు. కుర్చీ ఒకటే ఉంది, అందులో ఆయనే కూర్చున్నాడు.

"వీళ్లు మీకెలా తెలుసు?" అని నన్ను అడిగాడు.

"పగలు కునుకు తీయనివ్వరు."

"యంత్రమేమోనని ఎప్పుడైనా అనిపించిందా?"

"యంత్రమైతే ఎప్పుడో ప్లగ్గు పీకేసేవాణ్ని."

రాసుకున్నాడు. "మీ ఇంట్లో రెండో సాక్షి?"

"నా భార్య. పోయింది."

"అయితే మీది సగం సాక్ష్యం." (ఆ లెక్క నాకు ఆయన చెప్పకముందే తెలుసు.)

మిగతా సగానికి డ్రమ్మర్ అక్కడే వాయించి చూపాలన్నాడు.

"ఇవాళ వద్దు సార్, చేయి బాగాలేదు."

"బాగున్న చేయి మాకు దేనికండీ?"

వాయించాడు. మొదట తాళం నిలబడింది. పల్లవి మలుపులో చేయి వణికి దెబ్బ ఆలస్యమైంది. మరుదెబ్బ డ్రమ్ము అంచుకు తగిలి కర్ర కింద పడింది. తప్పు తనదిగా కనబడాలని చెల్లెలి భర్త బేస్ గిటార్‌ను కావాలని దారి తప్పించాడు. అధికారి చేయెత్తాడు. "తమరిది ఎప్పుడో తేలిపోయింది. ఊరుకోండి." తర్వాత డ్రమ్మర్ వైపు ఆప్యాయంగా చూశాడు. "ఇదండీ మనిషంటే! ఇక్కడ రికార్డయిన ఈ వాయింపునే విడుదల చేస్తాం. పాతది తీసేశాం."

"ఆ పాతది మా అన్నయ్య వాయించిందే సార్," అంది చెల్లెలు. "చేయి బాగున్నప్పుడు."

"బాగుండటమే కదమ్మా అభియోగం."

డ్రమ్మర్ కర్ర తీసుకుని లేచాడు. "నాకు పాటే వద్దు. వెనక్కి ఇచ్చేయండి."

వెనక్కి తీసుకోవడానికీ ఒక కాగితం ఉంది. సంతకం చేశాడు. అధికారి దాన్ని పాత దరఖాస్తు పక్కన పెట్టి చూసి, విచారంగా తల ఊపాడు. "ఇది దరఖాస్తుదారుడి సంతకం కాదే."

"నేనే కదండీ చేసింది! మీ కళ్ల ముందు!"

"మీరు మనిషని తేల్చడం వరకే మా పని. ఏ మనిషన్నది వేరే విభాగం." (ఆ విభాగాన్ని ఇంకా పెట్టలేదు.)

పాట విడుదలైంది. పక్కన 'అసలు సిసలు మనిషి' అని పచ్చ ముద్ర. హాళ్లలో జనం బాగానే ఆడారు. కర్ర పడిన చోట అందరి కాళ్లూ ఒక్కసారే తడబడేవి, తర్వాత అందరూ నవ్వుకునేవారు. డ్రమ్మర్ ఒకసారి చూడటానికి వెళ్లి, ఆ చోటు రాకముందే బయటికి వచ్చేశాడు.

ఆ తడబాటుకు గిరాకీ పెరిగింది. యంత్రాలు దాన్ని నేర్చుకున్నాయి. ఆలస్యమైన దెబ్బ, అంచు మీద దెబ్బ, కర్ర పడిన చప్పుడు, ఏదీ వదల్లేదు. ఆ యంత్రాల పాటలన్నిటికీ పచ్చ ముద్ర పడుతోంది.

చెల్లెలు నెలల తరబడి బతిమాలితే డ్రమ్మర్ మళ్లీ కూర్చున్నాడు. ఉన్న చేత్తోనే ఇంకో పాట వాయించాడు. పంపారు. తిప్పి కొట్టారు. ఈ వణుకు యంత్రానిదిగా ఇదివరకే నమోదైనదట.