నర్సింహులు కుడి చెంప

ఎంకపల్లి నర్సింహులుకు నలభై అయిదేళ్లు. అదీ ఎడమవైపు నుంచి చూస్తే. ఇరవయ్యేళ్లుగా చేవెళ్ల మార్కెట్‌కు టమాటల ట్రాలీ నడుపుతూ, కిటికీలోంచి పడే ఎండంతా కుడి చెంపకే అప్పజెప్పాడు మరి! అటునుంచి చూసినవాళ్లు "తాతా, జర జరుగు" అంటారు. ఆ రోజు పదింటికి కనకమామిడిలో ఆనంద్ బాబు పూలతోటకు పోయి, నెల జీతం డ్రైవరు పని ఖాయం చేసుకోవాలి. "ముసలి డ్రైవర్లు వద్దు" అని ఆయన ఫోన్లోనే చెప్పేశాడు. ఈ పని దొరికితే టమాట ధరతోపాటు పడిలేచే బతుకు తప్పుతుంది.

మందుల దుకాణం దీక్షిత ముందే చెప్పింది. "ఉన్న ముడతలు పోవన్నా. కొత్తయి రాకుండ ఆగుతయి. వానైనా, చలైనా ఈ ఎండ క్రీము రోజూ పెట్టాలె." నర్సింహులు ఆషాఢం నుంచి మాల వేసుకున్నంత నిష్ఠగా పెడుతున్నాడు. ఎండ తగలని ఎడమ చెంపకు ఎందుకు దండుగ అని కుడివైపే పెడతాడు.

"పుష్యమాసంల ఎండ యాడిది? ఆ సున్నం కడుక్కో" అంది భార్య మంజుల.

"ఏడాది పొడుగూత అంటే చలికాలం గుడ వస్తది. నువ్వు ఊకో."

ముఖ్యమైన రోజు కనుక మూడింతలు పట్టించాడు. ఆరేదాకా ఆ చెంప కదపకూడదని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి బాలనర్సమ్మ గోడ మీది నుంచి "యాడికి రా పొద్దుగాలనే?" అంది. అతను మూతి ఎడమ మూల మాత్రమే కదిపి, "కనకమామిడికి, అవ్వా" అన్నాడు.

"ఓ మంజులా! నీ మొగని మూతి వంకరవోయింది! సగం మొకం పాలిపోయింది! పక్షవాతమే!"

తెలుపు క్రీముదని మంజులకు తెలుసు గానీ, వంకర మూతి చూసి ఆమె కూడా నమ్మేసింది. వాడంతా పోగైంది. "నాకేం కాలే!" అని అదే మూల నుంచి ఎంత మొత్తుకుంటే పక్షవాతమని అంత నమ్మారు. మూతి సరిచేస్తే క్రీము చెదురుతుంది, చెదిరితే ఆనంద్ బాబుకు తాత కనబడతాడు. నర్సింహులు పట్టు వదల్లేదు. పక్షవాతానికి పావురం నెత్తురు పూయాలంటూ, పావురాలు పెంచే ఎదురింటి బుచ్చయ్య తన పావురాన్నే పట్టుకొచ్చాడు.

"నెత్తురు వద్దు ఏం వద్దు, దవాఖానకు నడువున్రి!" అంది మంజుల. అందరూ కలిసి అతన్ని టమాట డబ్బాలు నింపి ఉన్న ట్రాలీ క్యాబిన్లోకి ఎక్కించారు. తీరా చూస్తే డ్రైవరే రోగి! మంజుల లైసెన్సు తీసుకుని మూడేళ్లయినా, "నా బండి నీ చేతికా?" అని అతను తాళంచెవి ఏనాడూ ఇవ్వలేదు. ఇప్పుడు ఆమె అడగలేదు. అతని జేబులోంచి తీసుకుంది.

దవాఖాన దారిలోనే ఉన్న కనకమామిడి దగ్గర, పక్కన ఇరుక్కుని కూర్చున్న బుచ్చయ్య చేతిలోంచి పావురం జారి క్యాబిన్లో టపటపా కొట్టుకుంది. అదే క్షణాన ఒక బర్రె రోడ్డుకు అడ్డం వచ్చింది. మంజుల రెప్ప వాల్చకుండా స్టీరింగు తిప్పి, బర్రెను తప్పించి, పూలతోట గేటు ముందు బండి ఆపింది. వెనక టమాట డబ్బా ఒక్కటీ పడలేదు. గేటు దగ్గర ఆనంద్ బాబు నిలబడి ఉన్నాడు.

నర్సింహులు దూకి, క్రీము ఆరిందనుకుని నిండు నోటితో, "నమస్తే సార్, నేనే డ్రైవర్ను!" అన్నాడు. కుడి చెంపకు రెండు ఈకలు అంటుకుని ఉన్నాయి.

ఆనంద్ బాబు ఈకలను చూశాడు, బర్రెను చూశాడు. "నడిపింది ఆమె కదా! అమ్మా, రేపటి నుంచి మీరు వస్తారా?"

"వస్త సార్" అంది మంజుల, మొగుడి వైపు చూడకుండా.

ఆ పూట నర్సింహులు ఉడుక్కుని అన్నం ముట్టలేదు. తెల్లవారాక మాత్రం క్రీము గొట్టం తనే తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "రెండు చెంపలకూ పెట్టు. ఒక్కరోజు గుడ తప్పొద్దు."

పక్షవాతం పావురం రెక్కల గాలికే తగ్గిందని బుచ్చయ్య ఇప్పటికీ చెబుతున్నాడు.